రాత్రి తొమ్మిదింటికి నెట్ ఎలా ఉంటుంది? విశాఖ మురళీనగర్‌లో ఎనిమిది నెలలు వాడిన 5జీ ఇంటి వైఫై

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయను. భయపడి కాదు. మా ఇంట్లో నన్ను ఇంత ఏడిపించిన కంపెనీయే గాజువాకలో మా చెల్లి వాళ్లింట్లో ఏ గొడవా లేకుండా పనిచేస్తోంది, వాళ్లు రోజూ తిట్టుకునే ఇంకో కంపెనీ సిమ్ మా వీధిలో పరుగులు పెడుతోంది. పేరు రాస్తే చదివినవాళ్లు ఆ పేరు చూసే నిర్ణయం తీసేసుకుంటారు. చూసుకోవాల్సింది మీ ఇంటికి ఏ టవర్ నుంచి సిగ్నల్ వస్తోంది, రాత్రి తొమ్మిదింటికి ఆ టవర్ మీద ఎంతమంది పడుతున్నారు అన్నది. ఈ ఒక్క మాట నాకు జూన్‌లో ఎవరైనా చెప్పి ఉంటే ఎనిమిది నెలల టెన్షన్ తప్పేది.

నేను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా రెండు బ్యాచ్‌లు. మాది మురళీనగర్‌లో మూడో అంతస్తు, వెనక మాధవధార వైపు చూస్తే సింహాచలం కొండ. 2025 జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు ఈ 5జీ ఇంటి వైఫై పెట్టించాను. వీధిలోంచి వైరు లాగే పని లేదు, డాబా మీద చిన్న పెట్టె బిగిస్తారు, అది టవర్ నుంచి 5జీ సిగ్నల్ పట్టుకుని కింద ఇంట్లో వైఫైగా ఇస్తుంది. నెలకు జీఎస్టీతో కలిపి ఏడొందల పైచిలుకు. ఆరు నెలలకు ఒకేసారి కడితే బిగింపు ఖర్చు లేదన్నారని కట్టేశాను. పెట్టెకు డిపాజిట్ వేరే.

బిగించడానికి వచ్చిన అబ్బాయి పని మాత్రం చాలా బాగుంది. వచ్చీ రాగానే మేకు కొట్టేసి వెళ్లిపోలేదు. ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి పిట్టగోడ వెంట నెమ్మదిగా నడుస్తూ అంకెలు చూసుకున్నాడు. మెట్ల గది పక్కన మైనస్ 104 చూపించింది. నాలుగడుగులు ఇటు జరిగి ఫోన్‌ని ఎన్ఏడీ కూడలి వైపు తిప్పితే మైనస్ 89కి వచ్చింది. "సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది మేడం, ఆ వాటర్ ట్యాంకే అడ్డొస్తోంది" అని, ట్యాంకు నీడలోంచి తప్పించి ఇనప గొట్టానికి బిగించాడు. ఎండలో గంటన్నర పట్టింది. కూల్‌డ్రింక్ ఇస్తే నీళ్లు చాలన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం స్పీడ్ 210 ఎంబీపీఎస్ వచ్చింది, మా ఆయన స్టీల్ ప్లాంట్ డ్యూటీ నుంచి రాగానే చూపించి సంబరపడ్డాను కూడా.

మొదటి మూడు వారాలు ఒక్క మాట అనడానికి లేదు. ఆ తర్వాతే మొదలైంది.

ఆ రోజు వర్గ సమీకరణాలు చెబుతున్నాను. బోర్డు మీద విచక్షణి రాసి, రూట్ గుర్తు కింద గీత లాగుతున్నాను, అంతే. నాకేమీ తెలియలేదు, చెప్పుకుంటూ పోతున్నాను. ఒకటిన్నర నిమిషం తర్వాత ఒక పాప గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది, "టీచర్, మీ చెయ్యి ఆగిపోయింది." పిల్లల ఫోన్లలో నా చెయ్యి సగం గీత దగ్గరే ఉండిపోయింది. మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి 26 మందిలో 11 మంది మిగిలారు. ఆ లెక్క మర్నాడు మొత్తం మళ్లీ చెప్పాను. అలా ఆ నెలలో ఆరుసార్లు. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఏమని చెప్పుకోను? ఒకామె చాలా మర్యాదగానే అడిగారు, "మేడం, మీ దగ్గర నెట్ సరిగా లేదంట కదా" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాంతో ఒక నోట్‌బుక్ పెట్టుకుని రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు స్పీడ్ రాశాను. పొద్దున్న ఆరింటికి 180 నుంచి 210. మధ్యాహ్నం రెండింటికి 120 దరిదాపుల్లో. రాత్రి తొమ్మిదింటికి 6, 9, 12, ఒక ఆదివారం 2.1. రాత్రి పదకొండున్నర దాటితే మళ్లీ 90. వాన పడినా పడకపోయినా అంతే. అన్ని వేళలా పెట్టె మీద మాత్రం పచ్చ లైటు, సిగ్నల్ గీతలు నిండుగా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకసారి రీస్టార్ట్ చేయండి అంటారు. చేశాను. నాలుగు రోజుల్లో మూడుసార్లు చేశాను.

చివరికి ఆ అబ్బాయే మళ్లీ వచ్చాడు. డాబా ఎక్కి చూసి, కిందికొచ్చి నిజం చెప్పాడు. "సిగ్నల్ ఫస్ట్ క్లాస్ ఉంది మేడం. టవర్ మీద లోడు. నేను పెట్టె ఎటు తిప్పినా లాభం లేదు." ఈ వీధుల్లో తను ఒక్కడే ఆ సీజన్‌లో చాలా పెట్టెలు బిగించానని కూడా అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, నిజం చెప్పినందుకు గౌరవమే.

నాకు అర్థమైనంతలో చెబుతాను. సిగ్నల్ గీతలు చెప్పేది టవర్ మీకు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే, మీ వంతుకు ఎంత నెట్ వస్తుందన్నది కాదు. మామూలుగా టవర్ మీద మూడు దిక్కులకూ యాంటెన్నాలు ఉంటాయి. ఒక్కో దిక్కుకు ఉన్న స్పెక్ట్రమ్‌ని, అంటే సిగ్నల్ మోసే రేడియో తరంగాల వాటాని, ఆ దిక్కున ఉన్న ఫోన్లూ ఇంటి పెట్టెలూ అన్నీ కలిసి పంచుకోవాలి. పొద్దున్న ఆరింటికి పది మంది పంచుకుంటే ఎంత, రాత్రి తొమ్మిదింటికి అన్ని ఇళ్లలోనూ సీరియళ్లు, క్రికెట్, రీల్స్, వీడియో కాల్స్ ఒకేసారి నడుస్తుంటే ఎంత! పైగా వేగంగా ఉండే 5జీ ఎక్కువగా 3,500 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాల మీద నడుస్తుంది. వాటికి మోసే శక్తి ఎక్కువ, కానీ గోడలు దాటి దూరం పోయే శక్తి తక్కువ. పాత 900 మెగాహెర్ట్జ్ లాంటివి దూరం పోతాయి కానీ అంత డేటా మోయలేవు. మన విశాఖలో కొండలు కూడా ఉన్నాయి కదా, ఆరిలోవ వైపు వాళ్లనో మాధవధార చివరి వీధుల వాళ్లనో అడిగితే కొండ నీడలో సిగ్నల్ సంగతి వాళ్లే చెబుతారు.

నోకియా ఏటా ఇచ్చే నివేదిక ప్రకారం 2024లో మన దేశంలో ఒక్కొక్కరు నెలకు సగటున 27.5 జీబీ మొబైల్ డేటా వాడారు. డాబా మీద ఈ 5జీ పెట్టెలు పెట్టుకున్నవాళ్లు మామూలు 5జీ ఫోన్ వాళ్లకంటే సుమారు 12 రెట్లు వాడుతున్నారని కూడా అందులోనే ఉంది. అంటే మా అపార్ట్‌మెంట్‌లో పది ఫ్లాట్లు పెట్టెలు పెట్టించుకుంటే ఆ టవర్‌కి 120 మంది కొత్త ఫోన్లవాళ్లు వచ్చి చేరినట్టే. పెట్టె అమ్మేటప్పుడు ఈ లెక్క కంపెనీకి తెలియదా? నా అసలు కంప్లయింట్ ఇదే. ఈ టవర్ ఇక ఇన్ని పెట్టెలే మోస్తుంది అని ఒక గీత గీసుకుని, ఆ తర్వాత వచ్చినవాళ్లకు మీ ఏరియాలో ఇప్పుడు కుదరదు అని చెప్పాలి. నాకు అలా చెప్పి ఉంటే థాంక్స్ చెప్పి వచ్చేసేదాన్ని.

లోడు అంటే ఏమిటో జులైలో సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ రాత్రి కళ్లారా చూశాను. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక దాటి, అప్పూఘర్ మీదుగా 32 కిలోమీటర్లు. దారి పొడవునా లక్షల మంది, అందరి చేతుల్లో ఫోన్లే. వెంకోజీపాలెం దగ్గర పుచ్చకాయ ముక్కలు తీసుకుని క్యూఆర్ స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంది. సిగ్నల్ గీతలు నాలుగుకు నాలుగూ ఉన్నాయి. చిల్లర లేదు. ఆ పెద్దాయన "తినండమ్మా, అప్పన్న దగ్గరికి నడిచే వాళ్లు, ఫర్వాలేదు" అన్నారు. వెనక నడుస్తున్న పిన్నిగారి దగ్గర ఇరవై నోటు దొరికితే ఇచ్చి వచ్చాను. ఏడాదికి ఒక్క రాత్రి అలా అయితే ఎవరూ తప్పు పట్టరు. మా వీధిలో అది రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా.

అనుమానం ఏమైనా మిగిలి ఉంటే సంక్రాంతికి తీరిపోయింది. భోగికి ముందు రోజే మా అపార్ట్‌మెంట్ సగం ఖాళీ, శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల వాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ రాత్రి తొమ్మిదింటికి నోట్‌బుక్‌లో 140, 155, 150 రాసుకున్నాను. అదే పెట్టె, అదే గొట్టం, అదే టవర్. ముక్కనుమ మర్నాడు జనం తిరిగొచ్చారు, 14కి పడింది.

ఇక ధరల సంగతి. 2016 సెప్టెంబర్‌కు ముందు 1 జీబీకి నెలకు 250 రూపాయల దాకా పెట్టేవాళ్లం, వాట్సాప్‌లో ఫొటో తెరవాలన్నా ఆలోచించేవాళ్లం. జియో వచ్చాక ఒక్కసారిగా చవకైపోయింది, మా ఇంట్లో చదువులూ బ్యాంకు పనులూ అన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. ఆ మేలు నేను మరిచిపోలేదు. తర్వాత 2019 డిసెంబర్‌లో ఒకసారి, 2021 నవంబర్‌లో ఒకసారి, 2024 జులైలో మరోసారి ప్రైవేటు కంపెనీలన్నీ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. ఆ చివరిసారి జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది, ఎయిర్‌టెల్‌లో రోజుకు 1 జీబీ ప్లాన్ 265 నుంచి 299 అయింది. కంపెనీలు చెప్పే కారణం నాకు అర్థమవుతుంది. 2022 వేలంలో స్పెక్ట్రమ్‌కే లక్షన్నర కోట్లకు పాడారు, టవర్లకు ఫైబర్ లాగాలి, కరెంటు, డీజిల్. డబ్బు ఎక్కువ తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. పెంచిన డబ్బు మా వీధి టవర్‌లో కనిపించాలి, అంతే.

28 రోజుల ప్లాన్ లెక్క ఒకసారి వేయండి. ప్లాన్ 300 అనుకుందాం. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు రీచార్జ్, అంటే 3,600 కాదు, 3,900. పదో తరగతి పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద వేయించాను, వాళ్లలో చాలామందికి ఇంట్లో ఎవరూ చెప్పలేదట. 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీన రీచార్జ్ చేసుకునే ప్లాన్ ఒకటి తప్పనిసరిగా ఉండాలని 2022లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. యాప్‌లో కిందికి వెతుక్కుంటే దొరుకుతాయి.

రోజువారీ కోటా నాకు అసలు నచ్చదు. ఒక రోజు ఊళ్లో లేక 200 ఎంబీయే వాడితే మిగతాది అర్ధరాత్రి పన్నెండింటికి పోతుంది. మర్నాడు అవసరం పడి ఎక్కువ వాడితే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, అందులో వీడియో మాట దేవుడెరుగు, ఫొటో కూడా రాదు. నా క్లాసులో పెందుర్తి నుంచి వచ్చే ఒక బాబు ఉన్నాడు. వాళ్ల నాన్నగారు ఆటో నడుపుతారు, ఇంట్లో ఒకటే ఫోన్, రోజుకు 1.5 జీబీ. పగలంతా బుకింగ్ యాప్, మ్యాపు, యూపీఐ వాటికి పోగా సాయంత్రానికి మిగిలింది ఆ బాబుది. తొమ్మిదింటికి క్లాసు మధ్యలో "టీచర్, వీడియో ఆపేస్తున్నాను, మాటలు వింటాను" అని మెసేజ్ పెడతాడు. జ్యామితి పటం మాటల్లో ఎలా వింటాడు? ఇప్పుడు అతని కోసం బోర్డు ఫొటో తీసి, సైజు తగ్గించి, విడిగా పంపుతున్నాను. అదే డేటా రోజువారీ ముక్కలుగా కాకుండా నెల మొత్తానికి కలిపి ఇస్తే ఆ ఇంటికి ఎంత సాయం! అలాంటి ప్లాన్లు కొన్ని ఉన్నాయి కానీ షాపుల్లో ఎవరూ ముందు చెప్పరు.

మర్రిపాలెంలో నేను రీచార్జ్ చేయించే షాపాయన మాత్రం మినహాయింపు, ఆయనకు అయిదుకు అయిదు. మా అత్తగారు అనకాపల్లి దగ్గర ఊళ్లో ఉంటారు, బటన్ల ఫోన్, కాల్ మాట్లాడటం తప్ప ఇంకేమీ తెలియదు. ఆమెకు ఏళ్ల తరబడి డేటా ఉన్న ప్లానే వేయిస్తున్నాను. ఆయనే ఆపారు. "అమ్మా, ఆవిడకి డేటా ఎందుకు, కాల్స్ మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి కదా" అన్నారు. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ తెచ్చిన నిబంధన అది, కాల్స్, ఎస్ఎమ్ఎస్ మాత్రమే ఉండే ప్లాన్లు కంపెనీలు ఇవ్వాలి, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఒకసారి చూడండి. ఆయనకు దీనివల్ల కమీషన్ తగ్గుతుంది తప్ప పెరగదు, అయినా చెప్పారు.

5జీ పెట్టె పెట్టించుకునేవాళ్లకు, లేదా అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారేవాళ్లకు నా సలహా ఒక్కటే. అదే కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్నో స్నేహితురాలినో రాత్రి భోజనానికి పిలవండి. తొమ్మిదింటికి డాబా మీద, తర్వాత పడకగదిలో వాళ్ల ఫోన్‌లో స్పీడ్ చూడండి, ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ ఉచితమే. ఆదివారమైతే ఇంకా మంచిది. కవరేజీ మ్యాపులు కంపెనీల వెబ్‌సైట్లలో ఉన్నాయి, చూడండి కానీ వాటిలో రంగు సిగ్నల్ ఉందా లేదా అన్నదే చెబుతుంది, తొమ్మిదింటి రద్దీ అందులో కనపడదు. ఆరు నెలలది ఒకేసారి మాత్రం కట్టకండి. నేను ఇరుక్కున్నది అక్కడే. కట్టేశాక మన మాటకు బలం ఉండదు. సమస్య వస్తే కస్టమర్ కేర్‌లో ఊరికే మాట్లాడి పెట్టేయకుండా 198కి చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ ఉంటుంది, ఆ నంబర్‌తో అక్కడికి వెళ్లొచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లయింట్లు నేరుగా తీసుకోదు. అదే నంబర్‌తో కంపెనీ మారాలంటే PORT అన్న మాట ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబర్ రాసి 1900కి మెసేజ్ పంపాలి, కాకపోతే ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి.

ఇంకో చిన్న విషయం. కరెంటు పోతే ఈ పెట్టె కూడా పోతుంది, దానికి చిన్న యూపీఎస్ పెట్టుకోవాల్సిందే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి ఫోన్లు లేక అమ్మావాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఎంత అల్లాడామో ఇక్కడి వాళ్లందరికీ గుర్తే. అప్పట్లో పోయింది కాల్ ఒక్కటే. ఇప్పుడు జీతం, గ్యాస్ బుకింగ్, మందుల షాపులో చెల్లింపు, పిల్లల క్లాసు అన్నీ ఇలాంటి పెట్టెల్లోంచే వస్తున్నాయి. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను.

మార్కులు ఇవ్వమంటే: బిగించిన అబ్బాయికి అయిదు. పొద్దున్న స్పీడ్‌కి నాలుగున్నర. రాత్రి స్పీడ్‌కి ఒకటి. కస్టమర్ కేర్‌కి ఒకటి. ధరకు రెండు, పొద్దున్న వాడుకునే ఇల్లయితే అదే ధరకు నాలుగు ఇచ్చేదాన్ని. రాత్రిపూట పని లేనివాళ్లు, అద్దె ఇల్లు తరచూ మారేవాళ్లు, వైరు లాగడానికి వీల్లేని చోట ఉన్నవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. సాయంత్రం పాఠాలు చెప్పేవాళ్లు, రాత్రి షిఫ్టు కాల్స్ చేసేవాళ్లు మీ వీధిలో ఫైబర్ వైరు దొరికితే అదే వేయించుకోండి. నేను ఇప్పుడు మా వీధి కేబుల్ ఆయన దగ్గర ఫైబర్ తీసుకున్నాను, 50 ఎంబీపీఎస్ ప్లాన్, రాత్రి తొమ్మిదింటికి 46, 47 వస్తోంది, నాకు అది చాలు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఒక్క క్లాసు కూడా ఆగలేదు.

పెట్టెను కంపెనీ వాళ్లు తీసుకెళ్లిపోయారు, గొట్టం డాబా మీదే ఉంది, దానికి మా పక్కింటివాళ్లు బట్టల తాడు కట్టుకున్నారు. డిపాజిట్ వెనక్కి 30 రోజుల్లో వస్తుందన్నారు, ఇవాళ్టికి 19 రోజులు. వస్తే ఏ తేదీన వచ్చిందో, ఎంత వచ్చిందో ఈ రివ్యూలోనే కలుపుతాను.